గాలిదారి

మేనేజరు తెచ్చిన అట్టపెట్టె విప్పేసరికి షెడ్డులో ఉన్న డ్రైవర్లంతా చుట్టూ మూగారు. తళతళలాడే అల్యూమినియం పైపు ముక్క, మోచేయిలా వంగిన నీలం రంగు రబ్బరు గొట్టం, కోసుగా ఉన్న ఎర్రటి ఫిల్టరు, వేలెడంత నూనె సీసా. బండ్లు బాగుచేసే మేస్త్రీ ఒక్కొక్కటీ తీసి గోనెపట్టా మీద పేర్చాడు. చివరికి ఎర్ర ఫిల్టరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, లోపలినుంచి చూశాడు. నూలుబట్ట మడతల మధ్య సూదిమొనల్లాంటి వెలుగు చుక్కలు కనిపించాయి.

"ఏం చూస్తున్నావు మేస్త్రీ, సినిమానా?" అన్నాడు మేనేజరు. డ్రైవర్లు నవ్వారు.

"వెలుతురు వస్తోంది సార్."

"గాలి రావాలంటే వెలుతురు రాదా మరి? నాలుగో బండికి బిగించు. ఆ పాత డబ్బా పీకెయ్. పనితనం చూసి మిగతా బండ్లకీ వేద్దాం. ఇంకో రెండు సెట్లు స్టోర్లో పెట్టించాను."

నాలుగో బండి ఆ కంకర క్రషర్లోని టిప్పర్లన్నింటిలోకీ పాతది. దాని క్యాబిన్ వెనక, మనిషి ఛాతీ ఎత్తున, తయారీ కంపెనీవాళ్ళు పెట్టిన ఎయిర్ క్లీనరు డబ్బా ఉంది. చూడటానికి నూనె పీపాకు తమ్ముడిలా ఉంటుంది. లోపల పెద్ద కాగితపు ఫిల్టరు, దాని కడుపులో ఇంకో చిన్న ఫిల్టరు. అడుగున మూసుకున్న పెదవుల్లాంటి రబ్బరు మూతి. మేస్త్రీ మేనేజరును బండి దాకా పిలుచుకువెళ్ళి ఆ మూతిని రెండు వేళ్ళతో నొక్కాడు. పిడికెడు రాతిపిండి జారి, మెత్తగా, చప్పుడు లేకుండా మేనేజరు బూట్ల మీద పడింది.

"నిన్న పొద్దుటినుంచి పోగైంది సార్ ఇది. పడాల్సిన చోట పడింది. ఈ డబ్బాలో గాలి గిర్రున తిరుగుతుంది, బరువైన దుమ్మంతా కిందికి పోతుంది, మిగిలినదాన్ని కాగితం పట్టుకుంటుంది. ఆ ఎర్రదానికి దుమ్ము పడే చోటెక్కడుంది? తారురోడ్డు మీద తిరిగే బండికైతే నేనే బిగించేవాణ్ణి. ఇక్కడ మనం పీల్చేది సగం గాలి, సగం రాయి."

మేనేజరు ఒక కాలి బూటును ఇంకో కాలి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "యజమానిగారు వేరే క్వారీలో చూసి మరీ వచ్చారు. బండికి ఊపిరాడితే ఎత్తు మీద గేరు దించే పనే ఉండదట. రోజుకో ట్రిప్పు ఎక్కువట. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

"ఆయనకు తెలిసినవి ఆయనకు తెలుసు సార్. నాకు తెలిసింది ఈ డబ్బా ఒక్కటే."

"తెలిసినవాడివి కాబట్టే నిన్ను బిగించమంటున్నాను," అని మేనేజరు వెళ్ళిపోయాడు.

నాలుగో బండి నడిపేది మేస్త్రీ చెల్లెలి భర్త. అతనికి పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, క్రషర్లో అందరికీ అతను 'తొందర'. అన్నం తిన్నా, మాట్లాడినా, చెప్పులు వేసుకున్నా తొందరే. అంత తొందర మనిషికి అంత నిదానపు బండి దొరికింది. ఎత్తు మీద మిగతా టిప్పర్లు హారన్లు కొట్టుకుంటూ దాటిపోతుంటే, పదకొండేళ్ళుగా వాటి దుమ్ము తింటూ వెనకే ఎక్కేవాడు. ఇప్పుడు అతను పైపును చేతిలోకి తీసుకుని, అందులో తన ముఖం చూసుకుని, మీసం సర్దుకున్నాడు.

"బావా, బిగించెయ్. నామీద ఒట్టు, నువ్వేం మాట్లాడకు."

"గుర్రానికి నోరు తెరిచి పెడితే పరుగెత్తుతుందా బావా? ఈగలు పోతాయి అంతే."

"పోతే పోనీ. ఒక్కరోజైనా వాళ్ళని నా వెనక చూడాలి."

మేస్త్రీ నాలుగు క్లిప్పులూ విప్పి, డబ్బాను రెండు చేతులతో దించి, మూతికి పాలిథిన్ సంచి కట్టి షెడ్డు వెనక గోడవార పెట్టాడు. ఆ డబ్బా నుంచి, గిర్రున తిరిగి ఇంజనులోకి గాలిని తోసే టర్బో దాకా ఉన్న బారెడు పైపు కూడా తీసేయాల్సి వచ్చింది. కొత్త సెట్టులో పైపు జానెడే. ఎర్ర ఫిల్టరు ఇంజను పక్కనే, టర్బో నోటికి అతుక్కున్నట్టు కూర్చుంది. మేస్త్రీ క్లాంపులు బిగించి, ఊపి చూసి, మళ్ళీ బిగించాడు. తనకు నచ్చని పనిని కూడా వదులుగా చేయడం అతనికి చేతకాదు.

బండి స్టార్టు కాగానే సన్నని ఈల లేచింది. తొందర యాక్సిలరేటరు తొక్కినకొద్దీ ఆ ఈల పైకిపైకి పోయింది. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం అయిదింటికల్లా తొందర ట్రిప్పులన్నీ ముగించుకుని, బండి కడిగి, దువ్వెనతో తల దువ్వుకుంటూ షెడ్డు ముందు నిలబడ్డాడు.

మేస్త్రీ ఒంటిమనిషి. రాత్రి భోజనం చెల్లెలి ఇంట్లోనే. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, కుట్టుమిషను, గోడకు ఆనించిన సైకిలు. మూడో రోజు అతను వెళ్ళేసరికి తొందర స్టూలెక్కి ఎప్పటినుంచో ఊడిపోయి వేలాడుతున్న కిటికీ రెక్కకు మేకులు కొడుతున్నాడు. చెల్లెలు కింద నిలబడి మేకులు అందిస్తోంది. ఇంకా పొద్దు ఉంది. గదిలోకి పడుతున్న ఎండ ఆమె భుజం మీద, అతని మోకాలి మీద పడింది.

"అన్నయ్యా, నువ్వు ఆ బండికేం మంత్రం వేశావో గానీ," అంది చెల్లెలు పళ్ళెం పెడుతూ, "ఈయన్ని వెలుతురుండగా చూసి ఎన్నేళ్ళయిందో. ముఖం మీద పుట్టుమచ్చ ఉందన్న సంగతే మర్చిపోయాను."

"ఎక్కడుంది?" అన్నాడు తొందర చెంప తడుముకుంటూ.

"అటువైపు కాదు మహానుభావా."

మేస్త్రీ నవ్వాడు. చెప్పాలనుకుని తెచ్చుకున్న మాట అన్నంతోపాటు మింగేశాడు. ఆ మధ్యాహ్నమే అతను నీలం గొట్టం లోపలిగోడకు పూసిన గ్రీజును వేలితో తీసి చూశాడు. పొద్దున పూసినప్పుడు వెన్నలా ఉన్న గ్రీజు, ఒక్క పూట గడిచేసరికి వేళ్ళ మధ్య గరగరలాడింది. ఫిల్టరు దాటి వచ్చిన దుమ్ము అది. కంటికి కనిపించనంత సన్నం. ఆ సన్నని దుమ్మే పిస్టను రింగులను అరగదీస్తుంది, టర్బో రెక్కల అంచులను చెక్కేస్తుంది. చేతులు కడుక్కునేటప్పుడు పెరట్లో మెల్లగా కదిపాడు.

"బావా, గ్రీజులో ఇసుక దిగింది. రేపు పాత డబ్బా ఎక్కించేస్తాను."

తొందర తువ్వాలు అందిస్తూ గొంతు తగ్గించాడు. "నువ్వు అన్నంలో రాయి వెతికినట్టు వెతుకుతావు బావా. దొరక్క చస్తుందా? ఒక్క వారం ఉండనీ. లోపల నీ చెల్లెలి ముఖం చూశావా? ఎన్నాళ్ళకు నవ్వింది చూశావా?"

మేస్త్రీ చూశాడు. తలుపు సందులోంచి చెల్లెలు కొత్తగా బిగించిన కిటికీని తెరిచి మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంటూ కనిపించింది.

"ఒక్క వారమే," అన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అతను ఎర్ర ఫిల్టరు ఊడదీసి, కడిగి, నీడలో ఆరబెట్టి, సీసాలోని నూనెను మడత మడతకూ చుక్కలు చుక్కలుగా పట్టించేవాడు. సందులకు చుట్టూ గ్రీజు పూసి టేపు చుట్టేవాడు. ఇంత సేవ ఆ కాగితపు ఫిల్టరుకు ఎప్పుడూ చేయలేదు. చేస్తున్నకొద్దీ ఇది చాలదని అతని చేతులకు తెలుస్తూనే ఉంది. కంకర పిండి రోడ్డు మీద మోకాలి లోతున ఉంది. ముందువెళ్ళే బండి లేపే దుమ్ములో వెనకబండి హెడ్‌లైట్లు మధ్యాహ్నం పూట కూడా పసుపుచుక్కల్లా కనిపించేవి.

శనివారం నాడు పొగ గొట్టం చివర నూనె తడి కనిపించింది. మేస్త్రీ నీలం గొట్టం విప్పి, టర్బో చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకు ఊపాడు. ఊగింది. ఊగకూడదు. రెక్కల అంచులు బ్లేడుల్లా పలచబడ్డాయి. గొట్టం అడుగున నల్లటి నూనె పలచగా నిలిచింది. ఆ టర్బో అసలే కొత్తది కాదు. ఇంకో ఏడాది నడిచేది తొమ్మిది రోజుల్లో అయిపోయింది.

చేతులు తుడుచుకోకుండానే ఆఫీసుకు వెళ్ళాడు.

"నాలుగో బండి ఆపాలి సార్. టర్బోలో నూనెను ఆపే సీలు పోతోంది. అది పూర్తిగా పోతే ఇంజను తన నూనె తనే తాగేస్తుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు. డీజిలు ఆపినా ఆగదు. గాలి మూస్తేనే ఆగుతుంది."

మేనేజరు ఫోనుకు చెయ్యి అడ్డుపెట్టాడు. "సోమవారం రోడ్డు పనివాళ్ళకి కంకర చేరాలి. మంగళవారం ఆపు, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో."

"సోమవారం ఏమైనా అయితే?"

"అయితే చూద్దాం. నిన్నటిదాకా నడిచింది, ఇవాళ నడిచింది. సోమవారం ఏం పాపం చేసింది?" అని ఫోనులోకి, "ఆ, చెప్పండి," అన్నాడు.

మేస్త్రీ చేతినుంచి ఒక నూనె చుక్క నేలమీద పడింది. మేనేజరు దానివైపు, తర్వాత తలుపువైపు చూశాడు.

సోమవారం తెల్లవారుతూనే షెడ్డుకు వెళ్ళి, ఎవరినీ అడక్కుండా పాత డబ్బా ఎక్కించేద్దామని మేస్త్రీ ఆదివారమంతా అనుకున్నాడు. తెల్లవారుతూనే వెళ్ళాడు కూడా. నాలుగో బండి చోటు ఖాళీగా ఉంది. నేలమీద తడి టైరు గుర్తులు. తొందర అందరికంటే ముందు లోడుకు వెళ్ళిపోయాడు.

పది దాటింది. మేస్త్రీ లోడరు కింద వెల్లకిలా పడుకుని పిన్నుకు గ్రీజు కొడుతున్నాడు. ముందు అతనికి ఆ ఈల వినిపించింది, తర్వాత ఈల మీద ఇంజను అరుపు. కాలు తొక్కితే వచ్చే అరుపు కాదది. తొక్కినవాడికి ఒక కొలత ఉంటుంది, ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. ఇది తగ్గడం లేదు. మేస్త్రీ లోడరు కిందనుంచి దొర్లి లేచి, గోడకు ఆనించి ఉన్న చెక్కపలక అందుకుని పరుగెత్తాడు.

క్రషరు నోటి దగ్గర నాలుగో బండి వెనక తొట్టి ఎత్తి నిలబడి ఉంది. దాని చుట్టూ తెల్లటి పొగ. వెనక రాళ్ళను నమిలే గుంత, ముందు రాళ్ళు ఏరే ఆడవాళ్ళు. అందరూ తట్టలు పారేసి పరుగెత్తారు గానీ, ఒక ముసలామె కాళ్ళు ఆడక సరిగ్గా బండి ముందే కూలబడిపోయింది. గేరులో వేసి బ్రేకు తొక్కితే ఇంజను చచ్చేది. చచ్చేలోపు ఒక్క గెంతు గెంతినా ఆమె మీదికే వెళ్ళేది. తొందర తాళం తీసి కిందికి దూకాడు. తాళంచెవి పళ్ళ మధ్య ఉంది. క్యాబిన్ వెనక్కి వెళ్ళి, ఎర్ర ఫిల్టరును కాలితో తన్ని ఊడగొట్టాడు. దానితోపాటు నీలం గొట్టం కూడా ఊడొచ్చింది. టర్బో నోరు తెరుచుకుని కనిపించింది.

"పలక! బావా, ఆగు, పలక!" మేస్త్రీ అరిచాడు. ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు.

తొందర మెడలోని తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి, అరచేతితో ఆ నోటికి అదిమాడు.

ఇంజను ఆగిపోయింది. అంత హోరూ ఒక్కసారిగా పోయేసరికి, ఆడవాళ్ళ ఏడుపులు, దూరంగా జల్లెడ ఆడుతున్న చప్పుడు, అన్నీ విడివిడిగా వినిపించాయి. తొందర ఇంకా నిలబడే ఉన్నాడు. చెయ్యి టర్బో లోపలే ఉంది. పళ్ళ మధ్య తాళంచెవి అలాగే ఉంది.

మేస్త్రీ పలక పక్కన పెట్టి, అతని నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. పాత డబ్బా ఉండి ఉంటే అది గాలి పీల్చే నోటికి ఆ పలక ఆనిస్తే సరిపోయేది. టర్బో బారెడు దూరంలో ఉండేది.

కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

ఆసుపత్రిలో తొందర రెండు రోజులు మగతలో ఉన్నాడు. చెల్లెలు మంచం పక్క నేలమీద కూర్చుని, అతని ఎడమచేతి గోళ్ళలోని నలుపును పుల్లతో తీస్తూ ఉండేది. మేస్త్రీ పొద్దున ఒకసారి, పని దిగాక ఒకసారి వచ్చేవాడు. తెచ్చిన క్యారియరు అలాగే ఉండిపోయేది.

"నువ్వు తిను అన్నయ్యా," అనేది చెల్లెలు.

"తిన్నాను."

"అబద్ధం. నీ ముఖం చూస్తే తెలీదా నాకు? నువ్వు కూడా పడిపోతే మాకెవరున్నారు? నువ్వున్నావన్న ధైర్యంతోనే కూర్చున్నాను ఇక్కడ."

ఆ మాటకు అతను చెప్పులవైపు చూశాడు. మూడో రోజు పెరట్లో 'ఒక్క వారమే' అన్నది తనేనని చెప్పాలనిపించింది. క్యారియరును మంచం కిందికి జరిపాడు.

బుధవారం మేనేజరు పిలిచి కుర్చీ చూపించాడు. పన్నెండేళ్ళలో ఆ గదిలో మేస్త్రీకి కుర్చీ చూపించడం అదే మొదలు. టీ కూడా వచ్చింది.

"రిపోర్టు పంపాలి. నేనే టైపు చేయించాను, నీకు శ్రమ లేకుండా. కింద సంతకం పెట్టు."

మేస్త్రీ వేళ్ళు చొక్కాకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివాడు. నాలుగో బండి డ్రైవరు యాజమాన్యానికి చెప్పకుండా, మెకానిక్కుకు తెలియకుండా, బయట కొన్న పైపును తన ఇష్టప్రకారం బండికి బిగించుకున్నాడనీ, ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణమనీ ఉంది. ముసలామె మాట ఎక్కడా లేదు.

"అట్టపెట్టె తెచ్చింది మీరు సార్. నా కళ్ళముందు. పదిమంది చూశారు."

"ఏ అట్టపెట్టె?" అన్నాడు మేనేజరు. చాలా మామూలుగా, నిజంగా తెలియనట్టే అన్నాడు. "స్టోర్లో చూసుకో. అలాంటి సామాను మనం ఎప్పుడూ తెప్పించలేదు. ఆ పదిమందీ ఏం చెబుతారో కూడా అడిగి చూడు."

మేస్త్రీకి అడగాల్సిన పని లేకపోయింది. ఆ రెండు రోజులుగా డ్రైవర్లు తనని చూడగానే టైర్లు తడుముకోవడం అతను గమనిస్తూనే ఉన్నాడు.

"ఇందులో నీ తప్పేం లేదని రాయించాను, చూశావా? నీ ఉద్యోగం నీకుంటుంది. అతనికి ఎలాగూ డ్రైవింగు పని అయిపోయింది. ఎవరో ఒకరి పేరు రాయాలి. అర్థం చేసుకో."

మేస్త్రీ కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను దాని మీద అడ్డంగా పెట్టాడు. అది ధైర్యమని అతనికి అనిపించలేదు; వేరే దారి కనిపించలేదంతే.

"పెట్టను సార్."

"తొందరేం లేదు. ఆలోచించుకో," అన్నాడు మేనేజరు. తర్వాత తన మాటకు తనే చిన్నగా నవ్వి, "తొందర పేరెత్తకూడదులే ఇప్పుడు," అన్నాడు.

టీ మీద మీగడ కట్టింది. మేస్త్రీ దాన్ని ముట్టుకోకుండా లేచాడు.

ఆ రోజు, మర్నాడు, అతను ఎన్నడూ లేనంత తేలికగా పని చేశాడు. ఉద్యోగం పోవచ్చునని తెలుసు. కానీ ఆసుపత్రిలో చెల్లెలి ముఖంలోకి చూడగలిగాడు. బావకు పూర్తిగా తెలివి వచ్చాక అన్నీ చెప్పి, ఇద్దరూ కలిసి యజమాని దగ్గరికే వెళ్ళొచ్చు. ముసలామెను కూడా తీసుకువెళ్ళొచ్చు. ఆమె నిజమే చెబుతుంది. గురువారం సాయంత్రం వెళ్ళేసరికి తొందర నిద్రపోతున్నాడన్నారు. దుప్పటి ముఖం దాకా ఉంది. మేస్త్రీ లేపలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు మళ్ళీ పిలిచాడు. ఈసారి కుర్చీ చూపించలేదు. ఇంకో కాగితం బల్ల మీదినుంచి ముందుకు జరిపాడు.

ఇందులో డ్రైవరు మాట్లాడుతున్నాడు. పైపు సంగతి తనకేమీ తెలియదని, తన బావ అయిన మెకానిక్కు యాజమాన్యం అనుమతి లేకుండా సొంత తెలివితో దాన్ని బిగించాడని, వద్దన్నా వినలేదని. కింద సంతకం. ఎడమచేత్తో పెట్టింది, మూడో తరగతి పిల్లవాడు కొండ ఎక్కుతూ రాసినట్టు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ, కాగితం అంచు దాకా పోయింది.

మేస్త్రీ ఆ సంతకాన్నే చాలాసేపు చూశాడు.

"ఆసుపత్రి ఖర్చు మనమే చూసుకుంటున్నాం," అన్నాడు మేనేజరు కిటికీలోంచి చూస్తూ. "నయమయ్యాక గేటు దగ్గర కూర్చోబెడతాం. వచ్చే పోయే బండ్లు చూసుకుంటాడు. ఆ పనికి రెండు వేళ్ళు చాలు. నీకు మాత్రం ఇక ఇక్కడ పని లేదు. పోలీసు కేసు దాకా వెళ్ళనివ్వను, ఆ మాట ఇస్తున్నాను. నువ్వేమైనా చెప్పాలా?"

"బిగించింది నేనే సార్," అన్నాడు మేస్త్రీ. "అంతవరకూ నిజమే."

షెడ్డుకు వెళ్ళి తన సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. రెంచీలు గుడ్డలో చుట్టాడు, సుత్తి పెట్టాడు. అప్పుడు నాలుగో బండి కనిపించింది. నోరు తెరిచిన టర్బోను ఎవరో విప్పి తీసుకుపోయి కొత్తది పెట్టారు. దాని నోటికి నీలం గొట్టం, గొట్టానికి అదే ఎర్ర ఫిల్టరు. తన్నిన చోట చొట్టతో సహా. రేపో ఎల్లుండో ఇంకో డ్రైవరు ఎక్కుతాడు.

మేస్త్రీ గుడ్డ మళ్ళీ విప్పాడు. షెడ్డు వెనకనుంచి పాత డబ్బా మోసుకొచ్చి, పాలిథిన్ సంచి తీసి, కాగితపు ఫిల్టరును అరచేతి మీద మెల్లగా తట్టి దులిపాడు. బారెడు పైపును తడిగుడ్డతో లోపలంతా తుడిచాడు. ఎర్ర ఫిల్టరు ఊడదీసి పక్కన పెట్టి, డబ్బా ఎక్కించి, నాలుగు క్లిప్పులూ వేసి, ఒక్కొక్క అతుకూ వేలితో చుట్టూ తడిమి చూశాడు. రెండు గంటలు పట్టింది. ఆఫీసు కిటికీలో మేనేజరు ఒకసారి నిలబడి చూశాడు. ఆపమనలేదు. డ్రైవర్లలో ఒకడు వచ్చి స్పానరు అందించబోయాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. వాడు దాన్ని పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

అయిదున్నరకు ఆసుపత్రి చేరాడు. వార్డులో వరసగా మంచాలు, ఫినాయిలు వాసన, ఎవరి రేడియోలోనో వార్తలు. చెల్లెలు కిటికీ దగ్గర గ్లాసులు కడుగుతోంది. తొందర దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మేస్త్రీని చూడగానే గోడవైపు తిరిగాడు.

మేస్త్రీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏమీ అనకూడదనుకునే వచ్చాడు.

"నొప్పి తగ్గిందా బావా?"

తొందర గోడతోనే మాట్లాడినట్టు అన్నాడు. "నేను పెట్టేవాణ్ణి కాదు. నిన్న మధ్యాహ్నం దాకా పెట్టలేదు. చంపినా పెట్టనన్నాను."

"సరేలే."

"సరేలే అనకు!" తొందర ఒక్కసారిగా ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు ముందు పెట్టావు. నేనే పైపు కొనుక్కొచ్చి బిగించుకున్నానని రాసిచ్చావు. మేనేజరు ఇక్కడే, ఈ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఎత్తి చూపించాడు. చదవనివ్వలేదు గానీ సంతకం చూశాను. నాకు తెలీదా నీ సంతకం? పెళ్ళినాడు సాక్షి సంతకం పెట్టింది నువ్వే కదా!"

మేస్త్రీ సంతకం ఉన్న కాగితాలు ఆ ఆఫీసు బీరువాలో పన్నెండేళ్ళవి ఉన్నాయి. నూనె డబ్బాలు వచ్చినా సంతకమే, టైరు మార్చినా సంతకమే. వాటిలో ఏదో ఒకటి ఎత్తి చూపించి ఉంటాడు. ఏదైతేనేం.

కిటికీ దగ్గర గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"మా అన్నయ్య అలా చెయ్యడు, ఆ మేనేజరు మాట నమ్మకండి అంది నీ చెల్లెలు," అన్నాడు తొందర. "నిన్నటినుంచి ఇద్దరం పోట్లాడుకుంటున్నాం. ఇప్పుడు నువ్వే చెప్పు. అది మేనేజరు నాటకమా? నాటకమైతే చెప్పు. ఈ సూదులు పీకేసి ఇప్పుడే వెళ్తాను. వాడి గేటు వాడి మొహానే కొడతాను. ఆ కాగితం వాడిచేతే మింగిస్తాను. నువ్వు సంతకం పెట్టకుండా నేనొక్కణ్ణే పెట్టానంటే... బావా, నేను బతకను. ఒట్టు. చెప్పు. పెట్టావా లేదా?"

అప్పుడే ఎడమచేత్తో సూది ఉన్న పట్టీని పట్టుకున్నాడు కూడా. అది కుడి మోచేతి దగ్గర ఉంది. ఆ చేతి కట్టు చివర పసుపుగా తడిసి, రెండు వైపులా రెండు వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. అతను చెప్పినంతా చేస్తాడు. ఎప్పుడూ ఆలోచించి చేసింది లేదు. గేటు పని పోతుంది. రేపటినుంచి ఈ మంచం కూడా పోతుంది. అవి పోయినా, ఆ ఎడమచేతి సంతకం మాత్రం జీవితాంతం అతని కళ్ళముందు ఉంటుంది.

మేస్త్రీ చెల్లెలు నిలబడ్డ కిటికీవైపు చూడలేదు. చూస్తే చెప్పలేడు.

"పెట్టాను," అన్నాడు.

తొందర అతన్ని కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి పట్టీ మీదినుంచి జారిపోయింది. ముఖంలో బిగువంతా వదిలి, అయిదు రోజుల్లో మొదటిసారి దిండులోకి వెనక్కి వాలాడు.

"అనుకున్నాను," అన్నాడు కళ్ళు మూసుకుని. "పోనీలే. ఇద్దరం ఇద్దరమే."

కొద్దిసేపటికే అతని ఊపిరి నిదానంగా, ఒకే వరుసలో సాగింది. నిద్రపట్టింది.

చెల్లెలు కిటికీ దగ్గరినుంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మంచం కింద మూడు రోజులుగా ఉన్న మేస్త్రీ క్యారియరు తీసి, మూత బిగించి, అతని కాళ్ళ దగ్గర పెట్టింది. భర్త మీద దుప్పటి సరిచేసి, మళ్ళీ సరిచేసింది. సరిచేయడానికి ఇంకేమీ లేకపోయాక తలెత్తకుండా అంది:

"ఆయన పడుకున్నారు. మీరు వెళ్ళండి."

మేస్త్రీ తన వెనక ఎవరో వచ్చి నిలబడ్డారనుకున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.